పైనుంచి మొదటి మందు

ఈ మధ్య పేపర్లో యాంటీబయాటిక్ మందుల మీద ఏ వార్త వచ్చినా, దాని వెనకే ఎవరో ఒకరు "డాక్టర్లకే సరిగా తెలియదు, ఇక జనానికేం తెలుస్తుంది" అంటున్నారు. అది చదివినప్పుడల్లా నాకు కుర్చీలో కుదురుగా కూర్చోబుద్ధి కాదు. సికింద్రాబాదులో ఒక మధ్యరకం ఆస్పత్రి ల్యాబులో నేను ఆరేళ్ళు కంప్యూటర్ ఆపరేటరుగా పనిచేశాను. అక్కడి డాక్టర్లకు ఏం తెలుసో వాళ్ళు సొంత చేతులతో రాసిచ్చిన కాగితాలు నా బల్ల మీదుగానే వెళ్ళాయి. వాళ్ళకు తెలుసు. తెలిసీ ఎక్కడ తప్పిందో, అందులో నా వాటా ఎంతో, ఆ తప్పు తిరిగి తిరిగి మా అక్క పాదం పోతుందా ఉంటుందా అనేదాకా ఎలా వచ్చిందో చెప్పవలసిన మనిషిని నేనే. ఆస్పత్రి మూతపడింది. ఆ బిల్డింగులో ఇప్పుడు బట్టల షోరూము. రిపోర్టు పుస్తకాలు పాత కాగితాల బండికి వెళ్ళిపోయాయి. మిగిలింది నా జ్ఞాపకం ఒక్కటే కనక, అది కూడా మసకబారకముందే రాసి పెడుతున్నాను.

మాది శ్రీకాకుళం వైపు. డిగ్రీ రెండో ఏడు దగ్గర ఆగిపోయి, ఏం చెయ్యాలో తోచక, చిలకలగూడలో ఉన్న అక్క ఇంటికి వచ్చి పడ్డాను. అప్పటికి బావ పోయి ఏడాది. రైల్వేలో చేసేవాడు. ఊరికి వచ్చెయ్యమని అందరూ అన్నా అక్క కదలలేదు. అద్దె ఇంటి ముందు గదిలో కర్రీ పాయింట్ పెట్టింది. సిటీ అంతా కంప్యూటర్ కోర్సుల పిల్లలతో కిటకిటలాడుతున్న రోజులవి. చంకలో ఫైలు, జేబులో బస్సు పాసు, నోట్లో జావా, ఒరాకిల్. గదుల్లో అన్నం ఒక్కటీ వండుకుని, కూరలకు అక్క దగ్గరికి వచ్చేవాళ్ళు. పప్పు, పులుసు, ఒక వేపుడు. అక్క పొద్దున ఆరింటికి పొయ్యి ముందు నిలబడితే, మధ్యాహ్నం రెండు దాకా కూర్చునేది కాదు. పాలిథిన్ కవర్లో పులుసు పోసి, మూతి మెలిపెట్టి, దారం చుట్టే వేగం చూస్తే ఆశ్చర్యం వేసేది.

నేనూ అమీర్‌పేటలో కోర్సు చేశాను. ప్రోగ్రాములు బాగానే వచ్చేవి. ఇంటర్వ్యూలో ఇంగ్లీషు దగ్గర నోరు పెగిలేది కాదు. మూడుచోట్ల తిరిగొచ్చాక, ఆస్పత్రిలో ల్యాబు రిపోర్టులు కంప్యూటర్లో కొట్టడానికి మనిషి కావాలని తెలిసి చేరిపోయాను. అక్క మాత్రం కూరల దగ్గర అందరికీ, "మావాడిదీ కంప్యూటర్ ఉజ్జోగమే" అని చెప్పుకునేది. అబద్ధం కాదు.

నా అసలు చదువు లైబ్రరీలో జరిగింది. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, కాస్త గర్వం కూడా. ఇంటికి పది నిమిషాల నడకలో పాత పెంకుల కప్పుతో ఒక శాఖా గ్రంథాలయం ఉండేది. ముందు గదిలో రిటైరైన పెద్దలు పేపరు పేజీలు పంచుకుని చదివేవాళ్ళు. వెనక గదిలో ఫ్యాను కింద ఒక పొడవాటి బల్ల. సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా ఆ బల్ల దగ్గరికే పోయేవాణ్ణి. ల్యాబులో నేను కొడుతున్న పేర్లకు అర్థాలు తెలుసుకుందామని మొదలుపెట్టాను. లైబ్రేరియన్‌గారు అడుగున పడి ఉన్న ఒక లావుపాటి ఇంగ్లీషు మైక్రోబయాలజీ పుస్తకం దుమ్ము దులిపి తెచ్చి, "ఇది ఎవరో దానం ఇచ్చారు, ఇంతవరకూ ఎవరూ తెరవలేదు" అన్నారు. పక్కన డిక్షనరీ పెట్టుకుని ఒక చలికాలమంతా ఆ పుస్తకమే చదివాను. మందులకు లొంగని సూక్ష్మజీవుల అధ్యాయం మూడుసార్లు చదివాను. మందు వెయ్యగానే చావగలిగినవి చస్తాయి. చావనివి, ఖాళీ అయిన చోటంతా ఆక్రమించుకుంటాయి. ఎంత అవసరం లేకుండా వాడితే అంత త్వరగా వాటికి చోటు దొరుకుతుంది. ఇంత సులువైన సంగతి, ఇంత భయంకరమైన సంగతి అప్పటిదాకా నేను చదవలేదు.

ల్యాబులో ప్లేట్లు పెట్టే పని సీనియర్ టెక్నీషియన్‌ది. ఆయన్ని అందరూ అన్న అనేవాళ్ళు. అల్వాల్ నుంచి స్కూటర్ మీద వచ్చేవాడు. పుండు నుంచో మూత్రం నుంచో వచ్చిన శాంపిల్‌ని గాజు ప్లేట్లో గీస్తాడు. మర్నాటికి అందులో క్రిములు మొలుస్తాయి. వాటిని ఇంకో ప్లేటు నిండా పరిచి, మందు పీల్చిన చిన్న చిన్న కాగితం బిళ్ళలు పైన పెడతాడు. మూడో రోజు పొద్దున చూస్తే, పనిచేసే మందు బిళ్ళ చుట్టూ క్రిములు మొలవకుండా ఒక గుండ్రటి ఖాళీ ఉంటుంది. పనిచెయ్యని మందు బిళ్ళను ఆనుకునే మొలిచేసి ఉంటాయి. అన్న స్కేలు పెట్టి కొలుస్తూ పైకి చదివేవాడు. లొంగితే "ఎస్", లొంగకపోతే "ఆర్". నేను కొట్టేవాణ్ణి. స్లిప్పు మీద పేరుండదు, నంబరే. ఎవరిదన్నది అన్నకు తెలియదు, రిజిస్టరు నా దగ్గర ఉంటుంది కాబట్టి నాకు తెలుసు. పొద్దున్నే అది మా ఇద్దరి జమాబందీ లెక్క.

నేను చేరేటప్పటికి ఆ రిపోర్టు చేత్తో రాసేవాళ్ళు, మందుల పేర్లు ఎలా పడితే అలా ఉండేవి. దాన్ని కంప్యూటర్లో ఒక చక్కటి పేజీగా తయారుచేసింది నేను. నా తప్పు అక్కడే మొదలైంది. అమీర్‌పేటలో బయోడేటా రాయడం నేర్పిన సారు ఒకటే మాట నూరిపోసేవారు: కొత్తది పైన, పాతది కింద. అవతలివాడు పైన రెండు లైన్లే చూస్తాడు. నేను మందుల జాబితాను కూడా అలాగే అమర్చాను. నిన్న మొన్న వచ్చిన ఖరీదైన ఇంజెక్షన్లు అన్నిటికంటే పైన. ఏళ్ళ తరబడి వాడుతున్న చవక మాత్రలు అడుగున. ఏది కొత్తదో ఏది పాతదో నాకు లైబ్రరీ పుస్తకం చెప్పింది. ఆ తెలివి చూపించుకోవాలని కూడా మనసులో ఉంది. అంతా ఒకే పేజీలో పట్టాలని చివరి రెండు పాత మందుల్ని తీసేశాను కూడా. అన్నను అడిగితే, "తియ్యి తమ్మీ. గా పాత డబ్బాలు ఎవడడుగుతుండు? ఫ్రిజ్జుల జాగ సుత లేదు" అన్నాడు.

పేజీ అందరికీ నచ్చింది. సర్జన్‌గారు ప్రత్యేకంగా ల్యాబుకు వచ్చారు. గుంటూరు మనిషి, గొంతు పెద్దది, నన్ను ఏనాడూ వేరే పేరుతో పిలవలేదు. "ఏమయ్యా కంప్యూటరూ, ఇది నువ్వేనా చేసింది? భేష్. ఇన్నాళ్ళకు కళ్ళజోడు లేకుండా చదివాను" అన్నారు. ఆ సాయంత్రం లైబ్రరీలో ఒక్క పేజీ చదవలేకపోయాను, అంత సంతోషం.

ఇంట్లో నా తెలివి ఇంకా ముదిరింది. అక్కకు షుగరుండేది. గొంతు నొప్పి, జలుబు, మూత్రంలో మంట, ఏదొచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే ఒక పూట కూరలు ఆగిపోతాయి. అందుకని నన్నే అడిగేది. నేను మెడికల్ షాపుకు వెళ్ళి పేరు చెప్పి, "నాలుగివ్వండి" అనేవాణ్ణి. షాపాయన కత్తెరతో స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చేవాడు. రెండు వేసుకోగానే తగ్గిందని అక్క మిగిలినవి పోపుల డబ్బా పక్కన ఒక సీసాలో దాచేది, మళ్ళీ వస్తే పనికొస్తాయని. ఆ అధ్యాయం మూడుసార్లు చదివినవాణ్ణే నేను. ఒక్కసారీ ఆ సీసాకూ ఆ అధ్యాయానికీ సంబంధం కనపడలేదు. పైగా కూరలకొచ్చిన పిల్లలతో అక్క, "మా తమ్ముడు సగం డాట్రు" అంటుంటే లోపల గదిలోంచి వింటూ కూర్చునేవాణ్ణి.

మరుసటి ఏడాది ఆస్పత్రికి మైక్రోబయాలజీ డాక్టరమ్మ వచ్చారు. అంతవరకూ ల్యాబుకు పేరుకొక డాక్టరు ఉండేవారు, వారానికోసారి సంతకాలకు వచ్చేవారు. ఈవిడ రోజూ వచ్చేవారు. మెల్లగా మాట్లాడేవారు, అటెండరును కూడా మీరు అనేవారు. వచ్చిన రెండు నెలలకు, మన డాక్టర్లు ఈ మందుల గురించి ఏమనుకుంటున్నారో అడిగి తెలుసుకుందాం అని ఒక ప్రశ్నపత్రం తయారుచేశారు. నేను టైపు చేశాను, నేనే పంచాను, నేనే తిరిగి తెచ్చాను.

ఆ వారం ఎంత నవ్వుకున్నామో. సర్జన్‌గారు కాగితం చూసి, "ఈ వయసులో పరీక్షలేంటయ్యా? పాసు మార్కులెన్ని?" అన్నారు. పిల్లల డాక్టరుగారు తలుపేసుకుని రాసి, మడిచి, స్టేపిల్ చేసి ఇచ్చారు. ఇద్దరు డ్యూటీ డాక్టర్లు క్యాంటీన్లో ఒకరి కాగితంలోకి ఒకరు తొంగి చూస్తూ దొరికారు. పెద్ద ఫిజీషియన్‌గారు, "నువ్వే నింపెయ్ రాదూ, నీకన్నీ తెలుసటగా" అని నాకే ఇవ్వబోయారు. మేడం ఒప్పుకోరని చెప్పి బతిమాలి రాయించాను.

జవాబులు చదువుతుంటే నాకు ఆశ్చర్యం. జలుబుకు యాంటీబయాటిక్ పనిచేస్తుందా? లేదు, అందరూ సరిగ్గా రాశారు. అవసరం లేని మందు క్రిముల్ని మొండివి చేస్తుందా? చేస్తుంది. మన ఆస్పత్రిలో ఇది సమస్యేనా? సమస్యే. మరి రిపోర్టు రాకముందే ఎందుకు రాస్తారు అన్న చోట చేతిరాతలు మారిపోయాయి. ఒకరు, "మూడు రోజులు నేనాగుతాను, జ్వరం ఆగుతుందా?" అని రాశారు. ఇంకొకరు, "నేను రాయకపోతే ఎదురు క్లినిక్‌కి వెళ్తారు" అని. పేరు రాయక్కర్లేదు అన్నాం కదా, నేను పోల్చుకోలేని చేతిరాతలో ఒకరు ఒకే మాట రాశారు: "భయం."

చివరి ప్రశ్న, రిపోర్టులో మీరు మొదట ఏం చూస్తారు? సగం పైన కాగితాల్లో ఒకటే జవాబు, మాటలు వేరైనా. పైనుంచి మొదటి ఎస్.

నేను ఆ కాగితాలు మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాను. పైన ఏముందో పెట్టింది నేను. సర్జన్‌గారు కళ్ళజోడు లేకుండా చదివి రాస్తున్నది నేను నేర్చుకున్న బయోడేటా పద్ధతిని. మేడంకి ఆ సంగతి తెలియదు. ఆ పేజీ ఆవిడ రాకముందే ఉంది, మందు బిళ్ళల కంపెనీవాళ్ళిచ్చిన పద్ధతి అనుకున్నారు. "ఈ వరస ఎవరు పెట్టారో గాని, మార్చాలండి. ముందు కారణం కనుక్కుందాం" అన్నారు. నేను తల ఊపి కాగితాలు ఫైల్లో పెట్టాను. రేపు చెబుదాం అనుకున్నాను. భేష్ అన్న మాట చెవిలో ఇంకా ఉంది, దాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. రేపు రేపంటూ రెండు నెలలు గడిచాయి.

ఆ రెండు నెలల్లోనే అక్కకు చెప్పు కరిచింది. కుడికాలి చిటికెన వేలు పక్కన ఒక చిన్న బొబ్బ. షుగరు కాళ్ళకు నొప్పి తెలియదు. అక్క దాని మీద పసుపు అద్ది, పొయ్యి ముందు నిలబడింది. వారానికి వేలు నల్లబడితే నాకు చూపించింది. నేను నాలుగు క్యాప్సూల్స్ తెచ్చాను. తగ్గలేదని ఇంకో రకం నాలుగు తెచ్చాను. సీసాలోవి కూడా వేసుకుంది. మూడో వారం పాదం పైభాగం ఉబ్బి, మెరుస్తూ, ముట్టుకుంటే కాలుతుంటే అప్పుడు భయం వేసి ఆటోలో మా ఆస్పత్రికే తీసుకెళ్ళాను.

సర్జన్‌గారు చూసి, "ఇప్పటిదాకా ఏం వాడారమ్మా?" అని అడిగారు. నేను గొంతు సవరించుకునేలోపు అక్కే చెప్పేసింది. "మా తమ్ముడే తెచ్చేడు బాబూ, ఏవో రెండు మూడు రకాలు. పుస్తకాలన్నీ సదివేసేడు గదా."

ఆయన నావైపు తిరిగారు. "ఓహో. కంప్యూటరు ప్రాక్టీసు కూడా పెట్టిందన్నమాట." ఆయన నవ్వుతూనే అన్నారు. తరవాత పాదం వైపు చూసి నవ్వు మానేశారు.

మూడో రోజు పొద్దున అన్న ప్లేటు వెలుతురుకు పట్టి స్కేలు తీశాడు. నంబరు చూడగానే ఎవరిదో నాకు తెలిసింది. "పైది ఎస్. తర్వాత ఆర్. ఆర్. గిది సుత ఆర్. ఆర్. అరె, ఎవరు తమ్మీ ఈ పేషెంటు, మెడికల్ షాపు మొత్తం మింగి కూసున్నడా?"

"మా అక్క" అన్నాను.

అన్న మిగిలినవి నోటితో చదవలేదు. ప్లేటు నా ముందు పెట్టి, వేలితో చూపిస్తూ పోయాడు. అడుగుదాకా ఆర్ కొట్టాను.

పైన ఉన్న ఆ ఒక్క ఇంజెక్షనే దిక్కు. దాన్ని సెలైన్లో ఎక్కించడం మొదలుపెట్టిన కాసేపటికే అక్కకు మెడ, ముఖం ఎర్రబడి, దద్దుర్లు లేచి, ఊపిరి పట్టేసింది. నర్సమ్మ పరుగున వచ్చి ఆపేసింది. గండం గడిచింది కాని, ఆ మందు ఇంక మళ్ళీ ఇవ్వకూడదని కేసు షీటు మీద ఎర్ర సిరాతో రాశారు. సర్జన్‌గారు జేబులోంచి బాల్‌పెన్ను తీసి, అక్క చీలమండ కింద ఎర్రదనం ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ గీత గీశారు.

"చూడమ్మా. ఈ ఎరుపు నేను గీసిన గీత దాటి పైకి పాకిందంటే నేను పాదం ఉంచలేను. ఉంచితే కాలు మొత్తానికీ ప్రమాదం, నీకూ ప్రమాదం. సాయంత్రానికి ఆపరేషన్‌కు ఓటీ రాసి పెడుతున్నాను."

అక్క ఏడవలేదు. "నిలబడకపోతే పులుసు పొయ్యెలాగ బాబూ?" అంది. ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నారు. అక్క నావైపు చూసి, "నువ్వేటి అలగున్నావు? తిన్నావా?" అంది.

నేను మెట్లు దిగి ల్యాబుకు వచ్చి మేడం గదిలో నిలబడ్డాను. అన్నీ చెప్పేశాను. ఆ వరస పెట్టింది నేనని, రెండు నెలలుగా దాచానని, ఇంట్లో సీసా సంగతి. చెబుతున్నంతసేపూ ఆవిడ పెన్ను మూత తిప్పుతూ విన్నారు. కోప్పడతారనుకున్నాను. ఆవిడ అడిగింది ఒకటే.

"పేజీలోంచి తీసేసిన రెండూ ఏవి?"

చెప్పాను. ఒకటి సల్ఫా జాతి పాత మాత్ర. ఆవిడ లేచి నిలబడ్డారు. "ఇది చీము పట్టించే క్రిముల్లో బంగారు రంగుది, స్టాఫ్ అంటాం. దీనికి ఆ పాత మందు ఒక్కోసారి పనిచేస్తుందండి. ఎవరూ వాడక చాలాకాలమైంది కాబట్టి ఇంకా ఎక్కువ ఆశ. మన దగ్గర బిళ్ళలున్నాయా?"

అన్న ఫ్రిజ్జు తెరిచి, మూసి, తల అడ్డంగా ఊపాడు. గడువు దాటినవి పారేశాడు, నేను పేజీలోంచి తీసేశాక కొత్తవి తెప్పించలేదు. మేడం ఫోన్లు మొదలుపెట్టారు. నాలుగో ఫోనుకు బొల్లారం వైపు ఒక చిన్న ల్యాబులో ఉన్నాయన్నారు. అన్న స్కూటర్ తాళం నా చేతిలో పెట్టి, "జెర మెల్లగ పో తమ్మీ. నువ్వు పడ్డవంటే అక్కకు డబుల్ పరేషాన్" అన్నాడు. క్యాంటీన్ ఐసు ముక్కలు పోసిన ఫ్లాస్కు కాళ్ళ మధ్య పెట్టుకుని వెళ్ళి, అగ్గిపెట్టె అంత డబ్బా అందులో పెట్టుకుని తిరిగొచ్చాను. ఒంటిగంటకు అన్న ప్లేటు పెట్టాడు. మర్నాడు పొద్దున దాకా ఏం తెలియదు. ఓటీ ఈ సాయంత్రం.

మేడం, నేను సర్జన్‌గారి గదికి వెళ్ళాము. రేపు పొద్దున దాకా ఆగండి అని మేడం అడిగారు. ఆయన గొంతు ఎప్పటికంటే చిన్నదైంది.

"మేడం, మీరు ప్లేటుతో మాట్లాడతారు. నేను మనుషులతో. ఆగి, రాత్రికి పాకిందనుకోండి. పొద్దున ఈ అబ్బాయి ఎవర్ని అడుగుతాడు? ప్లేటునా, నన్నా?"

ఆ క్షణం నాకు ఆ ప్రశ్నపత్రం మీది ఒక్క మాట ఎవరి చేతిరాతో తెలిసింది. నేను అప్పటిదాకా ఆయన్ని తొందరపాటు మనిషి అనుకున్నాను. ఆయనకు అన్నీ తెలుసు, నా కంటే ఎక్కువే. తెలిసిందాని మీద కాలు పెట్టి నిలబడటానికి పక్కన ఒక మనిషి కావాలి, అంతే.

"మిమ్మల్ని అడగను సార్" అన్నాను. "రాసిమ్మంటే రాసిస్తాను."

"రాసిస్తాడట" అని ఆయన విసుక్కున్నారు. "సాయంత్రం ఆరింటికి గీత చూస్తాను. దాటకపోతే పొద్దున దాకా ఆగుతాను. వెంట్రుకవాసి దాటినా ఆగను."

ఆరింటికి ఆయన వంగి చూశారు, కళ్ళజోడు పెట్టుకుని. ఎరుపు గీతను తాకుతోంది, దాటలేదు. చచ్చిన వేలు, దాని పక్కది మాత్రం వార్డు పక్క గదిలోనే తీసేసి చీము కడిగారు. ఓటీ రద్దు చేశారు.

మర్నాడు అన్న ఎనిమిదింటికి రావలసినవాడు ఏడుకే వచ్చాడు. మేడం అప్పటికే ఉన్నారు. ప్లేటు వెలుతురుకు పట్టగానే స్కేలు అవసరం లేదని నాకే తెలిసింది. ఆ బిళ్ళ చుట్టూ పావలా బిళ్ళంత ఖాళీ. అయినా అన్న పద్ధతి ప్రకారం కొలిచాడు, పద్ధతి ప్రకారం పైకి చదివాడు.

"ఎస్, తమ్మీ. కొట్టు."

పేజీలో దానికి చోటు లేదు. అడుగున చేత్తో రాసి సర్జన్‌గారికి తీసుకెళ్ళాను. ఆయన చదివి, "మేం హౌస్ సర్జన్లుగా ఉన్నప్పుడు దోసిళ్ళతో వాడిన మాత్రయ్యా ఇది" అని మందు చీటీ రాశారు. మూడు రోజులకు ఎరుపు గీత నుంచి వెనక్కు తగ్గింది. ఆయన రోజూ కొత్త గీత గీసేవారు, పాతదాని కింద. ఇంటికొచ్చేనాటికి అక్క పాదం మీద ఆరేడు గీతలు, దేశపటంలాగ. సబ్బుతో తోమినా వారం దాకా పోలేదు.

నేను తెచ్చిన నాలుగేసి క్యాప్సూల్సే ఆ క్రిమిని అంత మొండిది చేశాయా అని మేడంని అడిగాను. "చెప్పలేమండి. మీవి కావచ్చు, ఆస్పత్రిలో తిరిగేది కావచ్చు, చెప్పు మీద నుంచి రావచ్చు" అన్నారు. నన్ను ఓదార్చడానికి అబద్ధం చెప్పలేదు, శిక్షించడానికీ చెప్పలేదు. ఆ జవాబుతోనే ఇన్నేళ్ళూ ఉన్నాను.

పేజీ మార్చాం. పాతవి, చవకవి, కొన్ని రకాల క్రిముల మీదే పనిచేసే మందులు పైకి వచ్చాయి. పెద్ద ఇంజెక్షన్లు అసలు ఆ పేజీలోనే లేవు. పైవన్నీ ఆర్ అయితేనే రెండో పేజీ బయటికి వస్తుంది. మార్చిన వారం ల్యాబు ఫోను మోగుతూనే ఉంది. "ఏంటయ్యా, ఆ కొత్తది కనపడదేంటి?" మేడం ప్రతి ఫోనుకూ తనే జవాబు చెప్పారు. కొందరు మారారు, కొందరు మారలేదు, పిల్లల డాక్టరుగారికి మాత్రం జలుబు పిల్లల తల్లులకు నచ్చజెప్పడానికి ఒక్కొక్కరికి పది నిమిషాలు పట్టేదని, ఆయన గది ముందు లైను పెరిగిందని అందరూ చెప్పుకునేవాళ్ళు. మందులు మార్చినంత సులువు కాదు మనుషులు ఆగడం.

అక్క మూడు నెలలకు మళ్ళీ పొయ్యి ముందు నిలబడింది, కాలికి మెత్తటి బూటు వేసుకుని. ఆ సీసా ఖాళీ చేసి జీలకర్ర పోసింది. కూరలకొచ్చిన పిల్లల్లో ఎవరైనా దగ్గితే, "మా తమ్ముణ్ణి మాత్రం అడక్కు బాబూ, డాట్రు దగ్గరికెల్లు" అనేది. నేను లోపల గదిలోంచి వింటూ ఉండేవాణ్ణి. అది కూడా బాగానే ఉండేది.

ఈ నాలుగు మాటలూ రాయడానికి సాయపడిన వాళ్ళ పేర్లు చెప్పాలని ఉంది. కాని ఎవరి పేరూ రాయనని ముందే మాటిచ్చాను, కాబట్టి వాళ్ళ పనినే పేరుగా చెబుతాను. ఎవరూ తెరవని పుస్తకం నా కోసం దుమ్ము దులిపిన లైబ్రేరియన్‌గారికి, నేను ఫోన్ చేస్తే ప్లేటు పెట్టే వరస మళ్ళీ ఓపికగా చెప్పి, "ఇంక ఆ లెక్కలెందుకు తమ్మీ, తిన్నవా?" అని అడిగిన అన్నకు, ఆ రాత్రి రెండేసి గంటలకోసారి గీత చూసి, ఉన్నది ఉన్నట్టే చెప్పిన నర్సమ్మకు, అగ్గిపెట్టెడు బిళ్ళలు ముక్కూ ముఖం తెలియని వాడికి ఇచ్చిన బొల్లారం ల్యాబాయనకు, ఇప్పుడు నాలుగడిగితే "చీటీ ఏది?" అనే మెడికల్ షాపాయనకు; తప్పు ఎవరిదని గాక తీసేసిందేదని అడిగిన మేడంకి; భయపడుతూనే ఒక్క రాత్రి ఆగిన సర్జన్‌గారికి నా కృతజ్ఞతలు. ఆయన ఇప్పుడు లేరు. ఉంటే ఇది చదివి, ఇందులోనూ వరస తప్పు పెట్టావయ్యా కంప్యూటరూ అనేవారు.

అక్కకు మొత్తం చదివి వినిపించాను. అంతా విని, "ఎడమ కాలని రాసేవేట్రా? కుడిది గదా. ఏల్లు పోయేయి నాకు, మతి పోయింది నీకూ" అంది. దిద్దాను. పైన కుడికాలు అని ఉన్నది అక్క దిద్దించినదే. ఆ ఒక్క దిద్దుబాటుకు ఆమెకు అందరికంటే ఎక్కువ రుణపడి ఉన్నాను.